నాలుగో సీసా

పరీక్షల ప్రయోగశాల, మూడో అంతస్తు
ఫిబ్రవరి 9

నిదానానికి,

శుభాకాంక్షలు. ఇదిగో, రాసేశాను. ఈ ఒక్క మాట రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది కాబట్టి జాగ్రత్తగా దాచుకో.

నీకు పదవి వచ్చిన సంగతి, మనిద్దరికీ పని నేర్పిన మా ల్యాబు మాష్టారే స్వయంగా మెట్లెక్కి వచ్చి చెప్పారు. "మన నిదానం ప్లాంటు ఇన్‌ఛార్జి అయిందమ్మా" అన్నారు, తనకే వచ్చినంత సంబరంగా. రెండేళ్ళ కిందట ప్లాంటు కట్టే పనికి నిన్ను ఎంచుకున్న ఇంటర్వ్యూకి నేనూ వెళ్ళానని ఆయనకి గుర్తే లేదు. నేను నవ్వాను. ఆ నవ్వు చూసి "పంటి నొప్పా?" అని అడిగారు.

ఒక్క ప్రశ్న అడుగుతాను, ఉన్నమాట చెప్పు. ఈ బల్ల మీద మూరెడు స్టీలు గొట్టం పెట్టుకుని మనిద్దరం మూడేళ్ళు తంటాలు పడ్డాం కదా. నీళ్ళని గొట్టంలో బిగించి, విపరీతంగా ఒత్తి, విపరీతంగా కాచి, అవి నీళ్ళూ కాకుండా ఆవిరీ కాకుండా అయ్యాక ఆక్సిజన్ వదిలి, అందులోకి పురుగుల మందు చుక్క చుక్కగా పంపిస్తే, ఆ విషం కాస్తా మామూలు నీళ్ళూ గాలీ చిటికెడు ఉప్పూ అయి బయటికొచ్చిన రోజు ఇద్దరం కలిసే కదా గంతులేశాం! మరి ఆ ఇంటర్వ్యూలో కూర్చున్న ఐదుగురు పెద్దమనుషులకి నీలో ఏం కనబడింది, నాలో ఏం కనబడలేదు? లోపలికెళ్ళి నువ్వేం చెప్పావు వాళ్ళకి?

నావనుకున్నవన్నీ ఒక్కొక్కటే నీ దగ్గరికి చేరుతున్నాయి. ముందు మాష్టారు. తర్వాత మా అన్నయ్య. మూడు ముక్కలు మాట్లాడితే నాలుగో ముక్కకి అలిసిపోయే ఆ వెల్డరు మహానుభావుడు, నిన్ను చేసుకున్నాక పాటలు కూడా పాడుతున్నాడని విన్నాను. వారం వారం నాకు ఉత్తరం రాసేవాడు. ఇప్పుడు నెలకొకటి, అదీ నీ గొట్టాలకి ఎన్ని అతుకులు వేశాడో చెప్పడానికి.

కుళ్ళుకుంటున్నానని అనుకుంటున్నావు కదూ? అవును, కుళ్ళుకుంటున్నాను. నీ దగ్గర దాచి ఏం లాభం? మీ ప్లాంటులోంచి వచ్చే నీళ్ళు పరీక్షకి నా బల్ల మీదకే వస్తాయట. పంపించు, చూస్తాను.

చిటపట


ప్లాంటు వెనక వీధి, రెండో ఇల్లు
ఫిబ్రవరి 26

మరదలా,

నీ ఉత్తరం ముందు మీ అన్నయ్యే చింపి చదివేసుకున్నాడు. చదివి చాలాసేపు నవ్వాడు. నేను ఏడాదిలో చెప్పిన జోకులన్నీ కలిపినా అంత నవ్వలేదు. నీ మీద నాకూ కొంచెం కోపం వచ్చిందని తెలుసుకో.

గేటు పక్కన రేకుల షెడ్డు ఉంది. అందులో మూడు వందల నలభై డ్రమ్ములు. పురుగుల మందుల కంపెనీ ఒకటి మూతపడుతూ వదిలేసి పోయినవి. అడుగులు తుప్పు పట్టాయి. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ షెడ్డే కనిపిస్తుంది. మా వీధిలో ముప్పై ఇళ్ళున్నాయి, అందరి కిటికీల్లోంచీ అదే. వానలు ముదిరేలోపు ఆ డ్రమ్ములు ఖాళీ కావాలి. షెడ్డుకి కాపలా ఉండే పెద్దాయన్ని అందరూ తాత అంటారు. ఆయన ప్రతి డ్రమ్ము మీదా సుద్దతో అంకె వేసుకున్నాడు. పొద్దున్నే ఒక చుట్టు తిరిగొచ్చి, "నూట పన్నెండు ఇవాళ కూడా ఏడుస్తోందమ్మా" అని చెబుతాడు. చెమ్మ కనబడిందని అర్థం.

మా గొట్టం ఇప్పుడు రెండు నిలువుల ఎత్తుంది. దాన్ని కాంక్రీటు గోడ వెనక పెట్టారు, ఇవతల గదిలో కూర్చుని మీటర్లు చూస్తూ నడిపిస్తాం. ప్రస్తుతానికి పది డ్రమ్ములకే అనుమతి. బయటికొచ్చిన నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని మీ ల్యాబు రాసిస్తే, తనిఖీ కార్యాలయం మిగతా వాటికి అనుమతి ఇస్తుంది. ఆరు సీసాలు పంపిస్తున్నాను, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్నాయి.

ఆ గదిలో ఏం చెప్పానో కలిసినప్పుడు మాట్లాడుకుందాంలే. ఉత్తరంలో అంతా రాయలేను.

నిదానం


పరీక్షల ప్రయోగశాల, మూడో అంతస్తు
మార్చి 17

ప్లాంటు ఇన్‌ఛార్జి గారికి,

మీరు పంపిన ఆరు సీసాలను పరీక్షించడమైనది. ఆరింటిలోనూ పురుగుల మందు మిగిలి ఉన్నది. అనుమతించిన పరిమితికి ఎనిమిది నుంచి పది రెట్లు ఉన్నది. నకలు తనిఖీ కార్యాలయానికి పంపడమైనది.

(కాగితం వెనక, చేత్తో)

వదినా, ఆఫీసు భాషకి ఏమీ అనుకోకు. రిపోర్టుకి వావివరసలు తెలియవు కదా. నాకూ బాధగానే ఉంది. మన చిన్న గొట్టంలో కుదిరినవన్నీ అంత పెద్ద గొట్టంలో కుదరాలని ఎక్కడుంది? ఎక్కడో తేడా ఉండే ఉంటుంది. ఓపిగ్గా వెతుకు, ఓపిక నీ సొత్తు కదా. ఎండలు ముదిరాయి. ఆరోగ్యం జాగ్రత్త. అన్నయ్యని అడిగానని చెప్పు.


ప్లాంటు వెనక వీధి, రెండో ఇల్లు
మే 6

మరదలా,

నీ రిపోర్టు వచ్చిన రోజే ప్లాంటు ఆపేశారు. ఏడు వారాలయింది. గొట్టం విప్పాం, పంపు విప్పాం. మీ అన్నయ్య పద్నాలుగు అతుకులు కోసి మళ్ళీ వేశాడు. పాటలు మానేశాడు. తప్పు ఎక్కడా దొరకలేదు. మళ్ళీ సీసాలు పంపిద్దాం అని మేనేజరు అన్నారు. తప్పు పట్టుకోకుండా మళ్ళీ పంపితే నవ్వుతారని చెప్పి నేనే వద్దన్నాను.

పోయిన గురువారం ఈదురుగాలితో వాన పడింది. షెడ్డు రేకొకటి లేచిపోయింది. నూట పన్నెండో డ్రమ్ము అడుగు ఊడిపోయింది. ఆ సమయానికి మేమందరం మీటింగులో ఉన్నాం. మందు మురికి కాలవలోకి పోతుందని తాత ఒక్కడే వెళ్ళి ఇసక పోశాడు. మాస్కు లేదు, చేతులకి గోనెపట్టాలు చుట్టుకున్నాడంతే. గంట తిరక్కుండా వాంతులు పట్టుకున్నాయి. చూపు మసకబారింది. కాళ్ళూ చేతులూ వణుకుతూనే ఉన్నాయి. ఆస్పత్రిలో పెట్టారు. ప్రాణానికి ఏమీ కాదని మొదటి రెండు రోజులు డాక్టర్లు చెప్పలేదు. నిన్న చెప్పారు.

నా సంగతి కూడా తేలిపోయింది. నన్ను తీసేస్తున్నారు. నా స్థానంలోకి ఎవరైతే బావుంటుందని మేనేజరు అడిగితే మాష్టారు నీ పేరు చెప్పారట. వారంలో నీకు కాగితం వస్తుంది. ఇది ఎత్తిపొడుపు కాదు, నమ్ము. నువ్వైతే బాగా చేస్తావు.

నిదానం


పరీక్షల ప్రయోగశాల, మూడో అంతస్తు
మే 11

నిదానం,

కాగితం వచ్చింది. నా ముందే ఉంది. రెండేళ్ళుగా కలలో కూడా కోరుకున్న కాగితం. దాన్ని ముట్టుకోవాలంటే నాకు చేతులు రావడం లేదు.

ఫోను చేద్దామని రెండుసార్లు కిందకి వెళ్ళి వచ్చాను. నీ గొంతు వింటే మళ్ళీ అబద్ధమే ఆడతాను, నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు. అన్నయ్యకి తర్వాత చూపించు.

నీ గొట్టంలో ఏ తప్పూ లేదు. తప్పు నా సిరంజిలో ఉంది. నీ సీసాలు పరీక్షించే ముందు రోజు అదే సిరంజితో అసలు పురుగుల మందు మిషనులోకి ఎక్కించాను. ఐదుసార్లు కడగాలి. ఒక్కసారి కడిగి పెట్టేశాను. ఆ రోజు అన్నయ్య ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలూ నీ గురించే. చదివి, ఆ మంటతో పని చేశాను. ఆరు సీసాల లెక్కలోకీ ఎక్కింది సిరంజిలో మిగిలిన మందే.

ఇంతవరకూ అయితే పొరపాటు. మర్నాడు పొద్దున అనుమానం వచ్చి అదే సిరంజితో శుద్ధమైన నీళ్ళు ఎక్కించాను. మిషను మీద అదే గీత లేచింది. అప్పటికి రిపోర్టు కవరు ఇంకా నా ట్రేలోనే ఉంది. అటెండరు పదకొండింటికి వస్తాడు. నాకు రెండు గంటల టైముంది. చెయ్యి చాపితే అందేంత దూరం. నేను కుర్చీలో కూర్చుని ఆ కవరునే చూస్తూ ఉండిపోయాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నువ్వూ అందరి ముందూ తప్పుగా కనబడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. వారం తర్వాత సరిదిద్దుదాం అనుకున్నాను. వారం గడిచాక సరిదిద్దడం ఎలాగో తెలియలేదు.

అటెండరు వచ్చాడు, "ఇదేనామ్మా?" అన్నాడు. ఇదే అన్నాను.

రేపు మాష్టారికి చెబుతాను. తనిఖీ కార్యాలయానికి రాసిన ఉత్తరం నకలు దీంతో పెడుతున్నాను. దాన్ని వెంటనే మేనేజరుకి ఇవ్వు, డ్రమ్ముల పని మొదలుపెట్టండి. తాత ఎలా ఉన్నాడో మాత్రం ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టాలనుకుంటే దానికి వేరే కాగితం వాడుకో.

చిటపట


ప్లాంటు వెనక వీధి, రెండో ఇల్లు
మే 17

చిటపటా,

తాత లేచి కూర్చుంటున్నాడు. గంజి తాగుతున్నాడు. చేతుల వణుకు తగ్గడానికి నెలలు పడుతుందట.

నీ నకలు మేనేజరుకి ఇచ్చేశాను. నిన్ను తిట్టడం లేదు. ఎందుకో చెబుతాను, విన్నాక నీకే తిట్టాలనిపిస్తుంది.

నీ రిపోర్టు తప్పని నాకు మార్చిలోనే తెలుసు. నాలుగో సీసాలో నేను పోసింది ప్లాంటు నీళ్ళు కావు, డిస్టిల్డ్ వాటర్. సీసాల మధ్య ఒకటి ఉత్త నీళ్ళది, చెప్పకుండా పెట్టి పంపాలని మాష్టారు మన చేత ఎన్నిసార్లు చేయించలేదు! నువ్వు కోపంలో మరిచిపోయావు. నాలుగో సీసాలో కూడా కనీసం ఎనిమిది రెట్లు విషం ఉందని నువ్వు రాశావు. ఆ కాగితం చూసిన అర నిమిషంలో నాకు అర్థమైపోయింది, తప్పు నీ బల్ల మీద ఉందని.

అయినా నోరు మెదపలేదు. ఏ తప్పూ లేని గొట్టాన్ని ఏడు వారాలు విప్పించాను. మళ్ళీ సీసాలు పంపిద్దామంటే అడ్డుపడ్డాను. నీ మీద ప్రేమ కొద్దీ అనుకోకు. భయం కొద్దీ.

ఇంటర్వ్యూ గదిలో నన్ను ఆ ఐదుగురూ అడిగిన అసలు ప్రశ్న ఒక్కటే. నీళ్ళూ ఆవిరీ కాని ఆ స్థితిలో ఉన్న నీళ్ళు నూనెల్ని కలుపుకుంటాయి గానీ ఉప్పుని కరగనివ్వవు కదా, ఆ ఉప్పంతా లోపలి గోడలకి పేరుకుని గొట్టం మూసుకుపోతే ఏం చేస్తావు అని. నాకు జవాబు తెలియదు. నీకు తెలుసు. ఒకరోజు క్యాంటీనులో నువ్వు గాజుగ్లాసు అంచు వెంబడి నీళ్ళు జార్చి చూపించావు. లోపల సన్నటి రంధ్రాలున్న ఇంకో గోడ పెట్టి, దాంట్లోంచి చల్లటి నీళ్ళు పొరలా పారిస్తే ఉప్పు అక్కడికక్కడే కరిగి కొట్టుకుపోతుందిగా అన్నావు. అదే నేను నాదిగా చెప్పాను. ఐదుగురూ పెన్నులు కింద పెట్టి విన్నారు.

నా తర్వాత నువ్వు లోపలికెళ్ళావు. బయటికొచ్చి ఏమన్నావో గుర్తుందా? "నేను గోడ నీళ్ళ గురించి చెబుతుంటే వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారే, ఎందుకంటావ్?" అన్నావు. నేను "ఏమో" అన్నాను. నాది చూసి నువ్వు కాపీ కొట్టావనుకున్నారు వాళ్ళు.

నీ రిపోర్టు తప్పని అంటే నువ్వు ఊరుకోవు. గొడవ పెద్దదవుతుంది. విచారణ అంటారు, గోడ నీళ్ళ మాట బయటికొస్తుంది. అందుకే నోరు మూసుకుని, నువ్వే ఒప్పుకుంటావేమో అని ఎదురుచూశాను. ఈలోపు తాత గోనెపట్టాలు చుట్టుకుని వెళ్ళాడు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నీకు చప్పున తోచేవి నా బుర్రకి నెల తర్వాత కూడా తోచవు. బల్ల మీద చిన్న గొట్టం దగ్గర నీ పక్కన నిలబడి ఎన్ని రోజులు కుమిలిపోయానో నీకు తెలియదు. నాకు నిదానం అని పేరు పెట్టినప్పుడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నిదానం


పరీక్షల ప్రయోగశాల, మూడో అంతస్తు
మే 21

ఒసే,

వదినా, నిదానమా అని పిలవడానికి ఇవాళ నోరు రావడం లేదు, దీంతోనే సరిపెట్టుకో.

నీ పదవి చూసి ఏడ్చాను. నీ బుర్ర చూసి ఏడ్చాను. అద్దంలో చూసుకుని, నేనింత చెడ్డదాన్నా, సొంత వదిన బాగుపడితే ఓర్వలేనా అని నన్ను నేను తిట్టుకున్నాను. తీరా చూస్తే నేను ఏడ్చింది నా వస్తువు చూసుకునే! ఆ ఏడుపులన్నీ నాకు తిరిగిచ్చెయ్.

ఆ గదిలో వాళ్ళ చూపులు ఇప్పటికీ నా వీపు మీదే ఉన్నాయి. రెండేళ్ళు అనుకున్నాను, నా చీర బాలేదేమో, నా గొంతు బాలేదేమో, నేను మరీ గడగడా మాట్లాడానేమో అని. అద్దం ముందు నిలబడి మెల్లగా మాట్లాడటం కూడా సాధన చేశానే. నీలాగా.

మాష్టారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బావుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు. "సంతకం స్టాంపు ఇలా ఇవ్వమ్మా" అన్నారు. ఇచ్చేశాను. ఏడాది దాకా నేను ఏ రిపోర్టు మీదా సంతకం చెయ్యకూడదు. మీ ఉద్యోగం నాకొద్దని రాసిచ్చాను. సీసాలు కడిగే పని అడిగి తీసుకున్నాను. ఒక్కో దాన్ని ఐదుసార్లు కడుగుతున్నాను.

నువ్వు ఆ ఐదుగురికీ రాయి. అందరికీ. గోడ నీళ్ళు ఎవరివో, నాలుగో సీసా సంగతి నీకెప్పుడు తెలుసో. రాయకపోతే నేను రాస్తానని బెదిరించడం లేదు. నేను రాయను. నువ్వే రాయాలి. ఆ ముసలాయన చేతులు వణుకుతున్నాయంటే అందులో సగం నాది, సగం నీది. నా సగం నేను ఒప్పుకున్నాను.

చిటపట


ప్లాంటు వెనక వీధి, రెండో ఇల్లు
జూన్ 24

చిటపటా,

రాశాను. ఐదుగురికీ, మేనేజరుకీ, మాష్టారికీ. మీ అన్నయ్యకి నోటితో చెప్పాను. ఆయన నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు "అది చిన్నప్పుడూ అంతే, దానికి తోచినవి అందరికీ పంచిపెట్టేసేది" అన్నాడు. ఇప్పటికీ నీ వైపే.

నన్ను ఇన్‌ఛార్జిగా తీసేసి, షిఫ్టులో మీటర్లు చూసే పనిలో వేశారు. కొత్త ఇన్‌ఛార్జిని బయటి నుంచి తెచ్చారు. టై కట్టుకుని వస్తాడు. మొదటి రోజే గొట్టం చూపించి నాలుగు వందల డిగ్రీలు దాటుతుందని చెబితే, "మరి సలసలా మరుగుతున్న చప్పుడు రాదేం?" అన్నాడు. అంత ఒత్తిడిలో నీళ్ళు మరగనే మరగవని తెలియదు పాపం. మీ అన్నయ్య హెల్మెట్ మొహం మీదకి దించేసుకున్నాడు.

వేరే ల్యాబులో పరీక్ష చేయించారు. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అనుమతి వచ్చింది, వానల్లోనే నడిపిస్తున్నాం. రెండు వందల ఆరు డ్రమ్ములు అయిపోయాయి. షెడ్డు ఇప్పుడు సగానికి పైగా ఖాళీ. ఉప్పు ఎక్కడా పేరుకోవడం లేదు. విప్పి చూసిన ప్రతిసారీ గోడ కొత్తదానిలా మెరుస్తోంది. చూసినప్పుడల్లా నాకు నీ మీద కడుపు మండుతుంది, ఉన్నమాట రాస్తున్నాను.

తాత ఇంటికొచ్చాడు. అంతా ఆయనకి చెప్పాను, నీ సగం, నా సగం. అంతా విన్నాడు. తర్వాత, "మీరిద్దరూ బాగా చదువుకున్నారు కదమ్మా" అన్నాడు. అంతే. సుద్ద పట్టుకుంటే అంకె వంకరపోతోంది, అందుకని డ్రమ్ముల మీద అంకెలు ఇప్పుడు నేను వేస్తున్నాను.

నిన్న పేపరువాళ్ళు వచ్చారు. కొత్తాయన వాళ్ళని గొట్టం దగ్గరికి తీసుకెళ్ళి, "ఇక్కడ మేం కనిపెట్టిన విశేషం ఏమిటంటే, గోడ వెంబడి చల్లటి నీళ్ళు పారిస్తాం" అన్నాడు. నా ఎదురుగానే. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వేస్తారట, ఫొటోతో సహా. చెబుదామని నోరు తెరిచాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నిదానం


పరీక్షల ప్రయోగశాల, కింది అంతస్తు, సీసాలు కడిగే గది
జూన్ 28

వదినా,

మేం కనిపెట్టాం అన్నాడా! మేం!

నీ ఉత్తరం తడి చేతులతోనే చదివాను, సిరా కాస్త అలుక్కుపోయింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. నువ్వు ఎత్తుకెళ్ళినప్పుడు కనీసం దాని విలువ తెలిసి ఎత్తుకెళ్ళావు. ఆయనకి అదేమిటో కూడా తెలియదు.

నిన్ను క్షమించానని అనుకోకు. ఆ పని నీలాగే నిదానంగా జరుగుతోంది. గోడ మెరుస్తోందని నువ్వు రాసిన ముక్క మాత్రం నాలుగుసార్లు చదువుకున్నాను.

శనివారం వస్తున్నాను. నీకోసం కాదు, తాత కోసం. ఆయన తిట్టకపోయినా సరే, నేను ఆయన ముందు నిలబడాలి. వణుకు తగ్గేదాకా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఆయనకి అన్నం కలిపి పెడతాను. ఒప్పుకోకపోతే గుమ్మంలో కూర్చుంటాను. అన్నయ్యని ఆ ఒక్క పూటా నాకు వదిలిపెట్టు.

రాత్రికి మీ ఇంట్లోనే ఉంటాను. ఆదివారం పొద్దున పేపరు వస్తే నువ్వు తియ్యకు. నువ్వు దిగమింగుకుని, నెల తర్వాత ఎప్పుడో ఏడుస్తావు, అది ఒంటికి మంచిది కాదు. నాకివ్వు. నేను చూసి, ఇద్దరి వంతూ ఏడుస్తాను.

చిటపట